బయోస్ అప్‌డేట్ పేరుతో పాత కంప్యూటర్‌ని చంపుకోకండి



ఈసారి కాఫీ గురించి కాదు, మిరియాల గురించి కాదు. మన సంఘం గదుల్లో ఓ మూలన గుడ్డ కప్పి ఉంటుందే, ఆ పాత కంప్యూటర్ గురించి. "రైతుకి కంప్యూటర్ గొడవ ఏటి?" అని కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. పండు తూకం లెక్క అందులోనే ఉంది. ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చామో అందులోనే ఉంది. అటవీ హక్కుల పట్టాలు స్కాన్ చేసుకున్నవి, పిల్లల కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకాల కాపీలు, అన్నీ అందులోనే. నవంబరులో పండు కోత మొదలైందంటే ఆ పెట్టె ఒక్కరోజు ఆగినా తూకాలు మళ్లీ కాగితం మీదకి వస్తాయి, తర్వాత తగువులు ఎలాగూ తప్పవు.

నా మాట ముందే చెప్పేస్తాను. పనిచేస్తున్న పాత కంప్యూటర్‌కి బయోస్ అప్‌డేట్ చెయ్యొద్దు, దానికి గట్టి కారణం ఒకటి చేతిలో ఉంటే తప్ప. రెండో మాట: అప్‌డేట్ మధ్యలో చచ్చిపోయిన కంప్యూటర్‌ని చూసి ఎవరైనా "మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనండి" అంటే వెంటనే నమ్మొద్దు. ఈమధ్య మన మన్యంలో ఈ రెండూ ఎక్కువయ్యాయి. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

అసలు బయోస్ అంటే ఏమిటి? కంప్యూటర్ స్విచ్ వేసిన వెంటనే విండోస్ రాదు. మదర్‌బోర్డు మీద గోరంత చిప్పు ఒకటుంటుంది, సాధారణంగా ఎనిమిది కాళ్లది. ప్రాసెసర్ చదివే మొట్టమొదటి ఆదేశం ఆ చిప్పులోనే ఉంటుంది. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఎక్కడుంది అని అన్నీ తడిమి చూసుకుని, ఆ తర్వాతే విండోస్‌ని నిద్రలేపుతుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పటి నుంచి దీన్ని బయోస్ అంటున్నారు. గత పది పన్నెండేళ్ల బోర్డుల్లో ఉన్నది నిజానికి యూఈఎఫ్ఐ అనే తర్వాతి తరం. పేరు మారినా షాపువాళ్లూ మనమూ బయోస్ అనే అంటున్నాం, నేనూ అదే రాస్తాను. పాత బోర్డుల్లో ఆ చిప్పు మొత్తం 4 ఎంబీ, 8 ఎంబీ. మన ఫోన్లో తీసే ఒక్క ఫొటో అంత. కానీ అది లేకపోతే మిగతా పెట్టె అంతా రేకు డబ్బాయే.

అప్‌డేట్ అంటే ఆ చిప్పులో ఉన్నది చెరిపేసి కొత్తది రాయడం. ముందు చెరపాలి, తర్వాతే రాయాలి. గెడ్డ మీద పాత కర్ర వంతెన తీసేసి కొత్తది వేస్తున్నట్టు. సగంలో వదిలేస్తే పాతదీ లేదు, కొత్తదీ లేదు, అవతలి ఒడ్డుకి పోయే దారే లేదు. విండోస్ పాడైతే పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. బయోస్ పాడైతే ఆ పెన్‌డ్రైవ్‌ని చదవమని చెప్పే వాడే ఉండడు. తేడా అక్కడుంది.

ఈ చిప్పు చెరిగిపోతే ఏమవుద్దో ప్రపంచం ఒకసారి చూసింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ నిద్రలేచింది, చెర్నోబిల్ వైరస్ అని కూడా అంటారు. తైవాన్‌లో ఒక కాలేజీ కుర్రాడు రాసింది. డిస్కులో సమాచారం తుడిచేసి, వీలైన బోర్డుల్లో బయోస్ చిప్పులోనూ చెత్త రాసేసింది. ఆసియా దేశాల్లో చాలా కంప్యూటర్లు ఆ ఒక్కరోజే మూగబోయాయి. అప్పుడు వైరస్ చేసిన పనిని ఇప్పుడు మనం కరెంటు సరిగా లేని చోట కూర్చుని మన చేత్తోనే చేసుకుంటున్నాం.

మరి ఎవరు చేయమంటున్నారు? వీడియోలు చేయమంటున్నాయి. "మీ పాత కంప్యూటర్ స్పీడ్ అవ్వాలంటే బయోస్ అప్‌డేట్ చెయ్యండి" అని. అది అబద్ధం. బయోస్ మార్చితే ఎక్సెల్ తొందరగా తెరుచుకోదు. స్పీడ్ కావాలంటే పాత గుండ్రటి డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వెయ్యండి, ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చెయ్యండి. 2012 నాటి పెట్టె కూడా లేచి కూర్చుంటుంది. మామూలు సాటా ఎస్ఎస్‌డీకి బయోస్ అప్‌డేట్ అక్కర్లేదు కూడా.

రెండో ప్రచారం విండోస్ 11. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో వాడేవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించారు, దానికి విడిగా నమోదు చేసుకోవాలి. దీంతో "బయోస్ అప్‌డేట్ చేస్తే విండోస్ 11 వచ్చేస్తుంది" అని ఊరూరా పాకింది. ఇక్కడ ఆగి లెక్క చూడండి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతు ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉండాలని. మన సంఘాల్లో ఉన్నవి చాలావరకు 2వ, 3వ, 4వ తరం. అంటే 2011 నుంచి 2013 మధ్యలో వచ్చినవి. బయోస్ వందసార్లు మార్చినా 3వ తరం 8వ తరం అవ్వదు. దేశవాళీ కోడికి రంగు వేస్తే గిరిరాజా అవుతుందా? మీ దగ్గర 8వ తరం ఉండి టీపీఎం కనిపించకపోతే, ముందు బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆపేసి ఉంటే ఆన్ చెయ్యడమే, అప్‌డేట్ అవసరం చాలాసార్లు రాదు.

మూడోది కొత్త భయం. సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు 2026 జూన్ నుంచి గడువు తీరిపోతాయి, ఆ రోజుతో కంప్యూటర్లు ఆగిపోతాయి అని. సగం నిజం. 2011లో ఇచ్చిన ఆ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం నిజమే. కానీ ఆ రోజు కంప్యూటర్ ఆన్ అవ్వడం ఆగదు. కొత్త సర్టిఫికెట్లు అందని వాటికి, విండోస్ మొదలయ్యే దశకు సంబంధించిన భద్రతా అప్‌డేట్లు ఇకపై అందవు, అంతవరకే. చాలా వాటికి కొత్త సర్టిఫికెట్లు విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి. కొన్నింటికి మాత్రం తయారీదారు బయోస్ అప్‌డేట్ కావాలి. ఇక లెగసీ పద్ధతిలో నడుస్తున్న 2011 నాటి పెట్టెకి సెక్యూర్ బూటే లేదు, ఈ గొడవ దానికి అంటదు.

మరి నిజమైన కారణాలు లేవా అంటే ఉన్నాయి. హెచ్61 బోర్డులు మన దగ్గర బోలెడు. అవి 2011లో 2వ తరం ప్రాసెసర్‌తో వచ్చాయి. వాటిలో చాలా వాటికి 2012లో వచ్చిన 3వ తరం ప్రాసెసర్ వెయ్యాలంటే బయోస్ అప్‌డేట్ తప్పనిసరి. సెకండ్ హ్యాండులో ఐ5 దొరికిందని తెచ్చి గుచ్చితే ఫ్యాన్ తిరుగుద్ది, తెర మీద బొమ్మ రాదు. "ప్రాసెసర్ పాడైంది, మోసపోయాం" అనుకుంటారు. పాడవ్వలేదు. పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టి, దానితో ఆన్ చేసి బయోస్ మార్చి, అప్పుడు కొత్తది వెయ్యాలి. ఈ వరస తప్పితే పని అవ్వదు. ఇంకా, కొత్త ర్యామ్ తీసుకోకపోవడం, నిద్ర నుంచి లేవకపోవడం లాంటి లోపం ఉండి, ఆ లోపం సరిచేశామని తయారీదారు తన నోట్స్‌లో స్పష్టంగా రాస్తే అది కూడా కారణమే. కారణం నోటితో చెప్పలేకపోతే చెయ్యొద్దు. నా కొలత ఇదే.

చెయ్యాల్సి వచ్చిందనుకోండి. మొదటిది బోర్డు పేరు. క్యాబినెట్ మీద ఉన్న స్టిక్కరు కాదు, బోర్డు మీద అచ్చువేసి ఉంటుంది, దాని పక్కనే రివిజన్ నంబరు కూడా ఉంటుంది. రివిజన్ 1.0కి, 2.0కి ఫైలు వేరు కావచ్చు. విత్తనం సంచీ మీద రకం పేరు చూసి కొంటాం కదా, ఇదీ అలాంటిదే. విండోస్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టినా బోర్డు పేరు, ఇప్పుడున్న బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. ఫైలు తయారీదారు సైటు నుంచే దించుకోవాలి. పేరూ ఊరూ లేని చవక బోర్డయి, దానికి సైటే లేకపోతే, "ఇదీ హెచ్61, అదీ హెచ్61" అని వేరే కంపెనీ ఫైలు ఎక్కించడం అంటే పశువుల మందు మనిషికి ఇవ్వడమే. కొన్ని బోర్డులకి పాత వెర్షన్ నుంచి నేరుగా ఆఖరిదానికి పోకూడదు, మధ్యలో ఒక వెర్షన్ ఎక్కించమని నోట్స్‌లో ఉంటుంది. చదవండి. ఇంగ్లీషు రాకపోతే చదివే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి.

మన దగ్గర సిగ్నల్ సంగతి తెలిసిందే. కొండ మలుపు తిరిగితే పోతుంది. జిప్ ఫైలు సగమే దిగి ఆగిపోతుంది. దింపాక సైటులో రాసిన సైజుతో పోల్చి చూడండి, విప్పేటప్పుడు ఎర్రర్ ఏదైనా వస్తే పారేసి మళ్లీ దించండి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఆ ఒక్క ఫైలే అందులో పెట్టి, వెనకవైపు ఉన్న నల్ల యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చండి. విండోస్ లోపల నుంచి అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాని జోలికి పోకండి. మధ్యలో విండోస్ బిగుసుకుపోతే అంతే సంగతి. బయోస్ లోపలే దాని పనిముట్టు ఉంటుంది. ఆసుస్‌లో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్. దానితోనే చెయ్యండి.

ఇక అన్నిటికన్నా పెద్దది కరెంటు. రాయడం మహా అయితే కొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాలే మన ఏజెన్సీలో కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక పిడుగులు. వానాకాలం చెట్లు విరిగి తీగల మీద పడతాయి. సాయంత్రం అందరూ లైట్లు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. కాబట్టి ఆకాశం తేటగా ఉన్న పొద్దున పూట పెట్టుకోండి. యూపీఎస్ ఉంది కదా అంటారు. ఉన్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పటిది? ముందు దాన్ని పరీక్షించండి. కంప్యూటర్ మామూలుగా నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకెయ్యండి. పదిహేను నిమిషాలు ఆగకుండా నడిస్తే సరే, తర్వాత మళ్లీ నిండా చార్జింగ్ పెట్టి పని మొదలుపెట్టండి. రెండు నిమిషాలకే కూత పెట్టి పడిపోతే ఆ యూపీఎస్ అలంకారానికి ఉన్నట్టు. ఇంట్లో ఇన్వర్టర్ మీద చేసేవాళ్లు దాని వెనక మీట యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవ్వచ్చు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండాలి, చార్జరూ తగిలించే ఉండాలి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో ఈ పని తలపెట్టొద్దు.

మొదలుపెట్టే ముందు ఫోన్ తీసి బయోస్ పేజీలన్నీ ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా సాటా మోడ్ ఏముంది, బూట్ మోడ్ లెగసీనా యూఈఎఫ్ఐనా, ముందు ఏ డిస్కు నుంచి మొదలవ్వాలి అన్నవి. ఎందుకో కింద చెబుతాను. మన కాగితాల కాపీ వేరే డిస్కులోకి తీసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి, లేదా ముందే తాత్కాలికంగా ఆపండి. బయోస్ మారాక విండోస్ ఆ కీ అడగొచ్చు. అది లేకపోతే డిస్కు బాగున్నా పట్టాల స్కాన్లు మీకు దక్కవు.

అప్‌డేట్ నడుస్తుంటే తెర నల్లబడుతుంది, రెండు మూడుసార్లు తనంతట తానే ఆగి మొదలవుతుంది. చాలామంది ఇక్కడే బటన్ నొక్కి చంపేస్తారు. చేతులు కట్టుకుని కూర్చోండి. అరగంట దాకా ముట్టుకోవద్దు.

అరగంట అయినా ఏమీ రాలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలి? ముందు అసలు చచ్చిందా, నోరు మాత్రమే పోయిందా చూడాలి. కీబోర్డులో నమ్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే బోర్డు బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావట్లేదు. మానిటర్ వైరు విడిగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డు రంధ్రానికే పెట్టి చూడండి. తర్వాత ప్లగ్గు పీకి, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సి.ఆర్.2032 సెల్లు తీసి పది నిమిషాలు ఉంచండి. క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులు ఉంటే వాటిని స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలపండి, ప్లగ్గు పీకే ఉండాలి సుమా. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్క ముక్కే పెట్టి చూడండి. మన మంచుకి, తేమకి ఆ పళ్లు మసకబారడం మామూలే. అప్‌డేట్ చేసిన రోజే అది కూడా మొరాయిస్తే నింద అప్‌డేట్ మీద పడుతుంది. బోర్డుకి చిన్న స్పీకరు ఉంటే కూతలు లెక్కపెట్టండి. ఏ కూత ఏ జబ్బో బోర్డు పుస్తకంలో ఉంటుంది.

అయినా లేవకపోతే తయారీదారు పెట్టిన దొడ్డిదారులు ఉన్నాయి. గిగాబైట్ బోర్డులు చాలా వాటిలో రెండు చిప్పులు ఉంటాయి, ఒకటి చెడితే రెండోది దానికి అరువిస్తుంది. ఆసుస్‌లో చాలా బోర్డులు, సరైన పేరు పెట్టిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే దాన్ని వెతుక్కుని తనని తాను బాగుచేసుకుంటాయి. హెచ్‌పీ ల్యాప్‌టాప్‌కి విండోస్ గుర్తు మీటతో పాటు బి నొక్కి పట్టుకుని ఆన్ చెయ్యాలి. డెల్ ల్యాప్‌టాప్‌లో కొన్నేళ్లుగా వస్తున్న మోడళ్లకి కంట్రోల్, ఎస్కేప్ రెండూ నొక్కి పట్టుకుని చార్జరు గుచ్చాలి. ఇవి అన్ని మోడళ్లకీ ఉండవు. కానీ ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు.

అవీ కాకపోతే ఆఖరి మందు ప్రోగ్రామర్. సి.హెచ్.341.ఎ అనే చిన్న యూఎస్‌బీ పనిముట్టు, కొన్ని వందల రూపాయలు, ఎనిమిది కాళ్ల చిప్పుని పట్టుకునే పటకారు క్లిప్పుతో సహా దొరుకుతుంది. ఇంకో మంచి కంప్యూటర్‌కి దీన్ని తగిలించి, చచ్చిన బోర్డు చిప్పులోకి నేరుగా రాయొచ్చు. హెచ్61 కాలపు ఆసుస్ బోర్డుల్లో చాలా వాటికి ఆ చిప్పు సాకెట్‌లో గుచ్చి ఉంటుంది, చేత్తో పీకి వేరేది పెట్టొచ్చు. ప్రోగ్రామ్ చేసిన చిప్పులు కూడా పోస్టులో తెప్పించుకోవచ్చు. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, రాయడానికి ముందు చిప్పులో మిగిలి ఉన్నది రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా చూసి దాచుకోండి. బోర్డు నెట్‌వర్క్ నంబరు, ల్యాప్‌టాప్ అయితే విండోస్ లైసెన్సు కీ, సీరియల్ నంబరు అందులోనే ఉండొచ్చు. రెండు, పాత బోర్డుల చిప్పులు చాలావరకు 3.3 వోల్టులవి, కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లవి 1.8. చవక ప్రోగ్రామర్లలో కొన్ని తీగల మీద 5 వోల్టులు పంపిస్తాయి. చిప్పు మీద నంబరు చదవకుండా క్లిప్పు తగిలించొద్దు.

ఇంకో రకం ఉంది. బోర్డు లేస్తుంది, బొమ్మ వస్తుంది, కానీ విండోస్ రాదు. నీలం తెర, లేదా డిస్కు లేదని ఒక వాక్యం. ఇది అసలు జబ్బే కాదు. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికి పోతాయి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో, ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకో మారి ఉంటుంది. లెగసీ కాస్తా యూఈఎఫ్ఐ అయి ఉంటుంది. ముందు తీసిన ఫొటో చూసి పాతలాగే పెట్టండి, విండోస్ వచ్చేస్తుంది. ఇలాంటి వాటికి కూడా "డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అని మొత్తం తుడిచేసిన వాళ్లు ఉన్నారు. ఫొటో లేకపోతే ఒక్కొక్క మోడ్ మార్చి చూడండి. ఫార్మాట్ అన్న మాట మాత్రం ఎవర్నీ ఎత్తనివ్వకండి.

ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద మన పక్క పంచాయతీలో ఒక సంఘం కంప్యూటర్‌లో సైట్లు ఏవీ తెరుచుకోవట్లేదు. ఏది కొట్టినా "మీ కనెక్షన్ భద్రం కాదు" అంటుంది. ఫోన్లో ఎవరో బయోస్ అప్‌డేట్ చెయ్యమన్నారు. చేస్తుండగా కరెంటు పోయింది. పెట్టెని గోనెసంచీలో కట్టి, అనంతగిరి ఘాట్ దింపి, సుమారు 115 కిలోమీటర్లు విశాఖపట్నం మోసుకెళ్లారు. అక్కడ ఒక షాపులో బోర్డు పోయింది, ప్రాసెసర్, ర్యామ్ కలిపి కొత్త సెట్టు పద్దెనిమిది వేలు అన్నారు. పాతది ఇక్కడే వదిలెయ్యండి అన్నారట. సంఘంలో ఒక అక్క ఒప్పుకోలేదు. "మా లెక్కలు అందులో ఉన్నాయి, వదిలి రాను" అని మళ్లీ బస్సెక్కించి తెచ్చేసింది. విప్పి చూస్తే చిప్పు సాకెట్‌లోదే. పోస్టులో ఆ బోర్డు చిప్పు తెప్పించి గుచ్చితే లేచింది. లేచాక చూస్తే తేదీ ఏళ్ల కిందటిది చూపిస్తోంది. సెల్లు అయిపోయింది, అంతే. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, అందుకే తెరుచుకోలేదు. నలభై రూపాయల సెల్లు మార్చితే మొదట వచ్చిన రోగం కూడా పోయింది. ఆ కంప్యూటర్ మొన్నటి కోత తూకాలకి కూడా పనిచేసింది.

ఆ షాపతను కావాలని మోసం చేశాడని నేను అనను. చిప్పు మీద రెండు గంటలు కూర్చుంటే అతనికి మిగిలేది ఐదువందలు, కొత్త సెట్టు అమ్మితే మిగిలేది అంతకు ఎన్నో రెట్లు. ఎవరి లెక్క వాళ్లది. మన లెక్క మనం చూసుకోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల చిప్పు స్థాయిలో రిపేరు చేసేవాళ్లు ఉన్నారు. ఆ పని లేనిది కాదు, మన దగ్గర లేనిది, అంతే. కొండ మీద ఉన్నవాడికి దిగి వెళ్లే ఖర్చు, కూలి పోయిన రోజు, రెండూ కలిపితే రిపేరు కన్నా ఎక్కువవుతాయి. అందుకే "పారేసి కొత్తది కొను" అనే సలహా పట్నం వాడికి సరిపోవచ్చేమో, మనకి సరిపోదు.

ఇలా అంటే చదువుకున్న తమ్ముళ్లు కొందరు ఎదురు చెబుతారు: "పన్నెండేళ్ల పెట్టెని ఎన్నాళ్లు పట్టుకు వేలాడతాం? భద్రత లేదు, కరెంటు ఎక్కువ తాగుద్ది." వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. బ్యాంకు లావాదేవీలు చేసే పెట్టె అప్‌డేట్లు అందే దానిమీద ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ తూకం లెక్కకి, అర్జీలు టైపు చెయ్యడానికి, ప్రింటు తియ్యడానికి, విండోస్ 10 పోతే లినక్స్ వేసుకుని పాత పెట్టెనే ఇంకొన్నేళ్లు నడపొచ్చు. ఉచితం, తెలుగు కూడా వస్తుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి, మీ ప్రింటరు, స్కానరు దానితో పనిచేస్తాయో లేదో పెన్‌డ్రైవ్ మీద నడిపి ముందే పరీక్షించి, అప్పుడు ఎక్కించండి.

బాగుచేసుకునే హక్కు గురించి కూడా ఒక మాట. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ దీనిమీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, ఎలక్ట్రానిక్స్ రెండూ ఉన్నాయి. పోర్టల్ ఉంటే సరిపోదు. పాత మోడళ్ల బయోస్ ఫైళ్లు సైట్ల నుంచి తీసెయ్యకుండా ఉంచాలన్న నియమం రావాలని నా కోరిక. పదేళ్లు దాటిన బోర్డు ఫైలు కోసం వెతికితే పేజీయే ఉండట్లేదు చాలాసార్లు. పల్పర్ స్పేరు పార్టు దొరక్కపోతే ఎంత ఇబ్బందో మనకి తెలుసు, ఇదీ అదే. అందుకని మీ బోర్డు ఆఖరి బయోస్ ఫైలు ఇప్పుడే, కంప్యూటర్ బాగున్నప్పుడే దించి రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచండి. ఎక్కించడానికి కాదు, దాచడానికి.

ఇంకోటి, మనకి పాత కంప్యూటర్లు దానంగా ఇచ్చే సంస్థలకీ, ఆఫీసులకీ. మీ మంచి మనసుకి దండం. ఇచ్చేటప్పుడు బోర్డు మోడల్ రాసిన కాగితం ఒకటి, బయోస్‌కి పెట్టిన పాస్‌వర్డు ఉంటే అది తీసేసి, కొత్త సెల్లు వేసి ఇవ్వండి. పాస్‌వర్డు తెలియని పెట్టెలు ఇస్తే మేం దానితో ఏం చెయ్యాలి, కోళ్లగూడు కట్టుకోవాలా?

సంఘాల వాళ్లు కలిసి ఆలోచించాల్సింది ఇది. ఒక్కో సంఘం ఒక్కో ప్రోగ్రామర్ కొనక్కర్లేదు. మండలానికి ఒకటి, నాలుగు సి.ఆర్.2032 సెల్లులు, బ్యాటరీ బాగున్న యూపీఎస్ ఒకటి, ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడో అమ్మాయో ఒకరు. వాళ్లకి రోజు కూలి ఇవ్వాలి, ఊరికే పిలవొద్దు. మొత్తం కలిపినా ఒక కొత్త సెట్టు ఖర్చు కాదు.

ఇంతా చేసి కొన్ని బోర్డులు నిజంగానే పోతాయి. పిడుగు తిన్నవి, కెపాసిటర్లు ఉబ్బి కారినవి, ఎలకలు మూత్రం పోసి తుప్పు పట్టినవి. అప్పుడు కూడా డిస్కు మాత్రం మనదే. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు, అంతే. విప్పి తీసుకుని యూఎస్‌బీ డబ్బాలో పెడితే వేరే కంప్యూటర్‌లో చదువుకోవచ్చు. రిపేరుకి పంపేటప్పుడే డిస్కు తీసేసి పంపండి, బయోస్ పనికి అది అక్కర్లేదు. షాపువాడు టెస్టింగుకి కావాలంటే వాడి డిస్కు పెట్టుకుంటాడు.

కోత దగ్గరకొచ్చిన సంఘాలు ఇప్పుడు ఏమీ ముట్టుకోవద్దు, సెల్లు మాత్రం మార్చుకోండి. హెచ్61లో ప్రాసెసర్ మార్చాలనుకునేవాళ్లు పండు అమ్మకాలు అయ్యాక, పిడుగులు మొదలవ్వక ముందు, అంటే ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోండి. బోర్డు మీది పేరు, రివిజన్ కనిపించేలా ఫొటో తీసి నాకు పంపితే ఫైలు సరైనదో కాదో చూసి చెబుతాను. రాత్రి ఎనిమిది దాటాక పంపండి, పగలు తోటలో సిగ్నల్ ఉండదు.